మగ్గం గదిలో నేర్చుకున్న కెమెరా

పోయినేడు ఆషాఢం చివర్లో హైదరాబాద్ నుంచి ఒక చీర వెనక్కి వచ్చింది. నెమలికంఠం రంగు ఒళ్లు, నిజాం అంచు. కొన్నావిడ ఫోన్లో గొంతు కూడా పెంచలేదు. "ఫోటోలో నీలం చూసి డబ్బులు వేశానండీ, వచ్చింది ఆకుపచ్చ" అంది. మామయ్య ఆ ఫోటో తెరిచి, చీర మడత విప్పి పక్కన పెట్టాడు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. ఫోటో తీసింది నేను.

మా అమ్మ పుట్టిల్లు మంగళగిరి. తాతయ్యకి 70 దాటినా గుంట మగ్గం దిగడం మానలేదు. అమ్మకం సంగతి మామయ్య చూసుకుంటాడు. ఇదివరకు షాపుల వాళ్లకే వేసేవాడు, ఇప్పుడు సగం బేరం వాట్సాప్ మీదే నడుస్తోంది. నేను గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వెళ్లి చీరల ఫోటోలు తీసిపెడుతుంటాను. అందుకోసమే 17 వేలు పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ కానన్ 1500డి కొన్నాను, దాంతోపాటు వచ్చే 18-55 లెన్సుతో సహా. ఆరు నెలలు దాని డయల్‌ని ఆకుపచ్చ ఆటో గుర్తు మీద నుంచి కదపలేదు. పెద్ద కెమెరా కదా, దానికి తెలియదా అనుకున్నాను.

చీర వెనక్కి వచ్చిన రాత్రి అప్పటిదాకా తీసిన ఫోటోలన్నీ కంప్యూటర్లో వరసగా చూశాను. మగ్గం గదిలో తీసినవి రెండే రకాలు. ఫ్లాష్ పడినవి: తాతయ్య మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనకంతా చీకటి, జరీ ఉన్నచోట తెల్ల మచ్చ. ఫ్లాష్ పడనివి: అంతా అలుక్కుపోయి. ఒక్కో ఫోటోకీ వివరాలు తెరిస్తే పక్కన మూడు అంకెలు కనిపించాయి. అలుక్కుపోయిన వాటిలో చాలావాటికి 1/15, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 1600 అని ఉంది. ఈ మూడూ ఏమిటో తెలియకుండా ఇక ఒక్క చీర కూడా తీయకూడదని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

మామయ్య వాళ్ల వీధి చివర ఒకప్పుడు ఫోటో స్టూడియో ఉండేది. అది మూసేసి చాలా ఏళ్లయింది. దాన్ని నడిపినాయన మాత్రం అదే ఇంట్లో ఉంటున్నారు. వీధిలో అందరూ స్టూడియో బాబాయి గారనే అంటారు. తర్వాతి ఆదివారం కెమెరా తీసుకుని వాళ్ల అరుగు మీద కూర్చున్నాను.

ఆయన నా కెమెరాని చేతిలోకి తీసుకోలేదు. లోపలికెళ్లి పాత రీలు కెమెరా ఒకటి తెచ్చారు. దాని లెన్సు విప్పి, వెనక నుంచి వెలుగు కేసి పట్టి, ముందున్న రింగు తిప్పారు. లోపల రేకులు ముడుచుకుంటూ కన్నం చిన్నదైంది. మళ్లీ తిప్పితే విచ్చుకుంది. కంటిపాపలాగే. రింగు మీద 1.8, 2.8, 4, 5.6, 8, 11, 16 అని చెక్కి ఉంది.

"ఇది ఎపర్చరు. ఇప్పుడు చెప్పు, 2.8 దగ్గర కన్నం పెద్దదా, 16 దగ్గరా?"

కళ్లెదుట కనిపిస్తున్నా నాకు నమ్మబుద్ధి కాలేదు. అంకె చిన్నదైన కొద్దీ కన్నం పెద్దదవుతోంది.

"అవి కింద ఉండాల్సిన అంకెలమ్మాయ్. పైన ఎఫ్ ఉంటుంది. కొబ్బరి ముక్కలో రెండో వంతు పెద్దదా, పదహారో వంతు పెద్దదా?"

ఎఫ్ అంటే లెన్సు ఫోకల్ లెంగ్త్, లెన్సు మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే కొలత. ఆయన చేతిలోది 50 మిల్లీమీటర్ల లెన్సు. ఎఫ్ 2 అంటే 50ని 2తో భాగించాలి, 25 మిల్లీమీటర్ల కన్నం. ఎఫ్ 16 అంటే 3 మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువ. ఈ భాగహారం ఒక్కటి తెలిశాక ఎపర్చరు విషయంలో మళ్లీ తికమక పడలేదు. 2, 2.8, 4, 5.6 అంటూ ఆ అంకెలు వింతగా ఎందుకు పెరుగుతాయో కూడా ఆయనే చెప్పారు. వెలుతురు వచ్చేది కన్నం వైశాల్యాన్ని బట్టి. వైశాల్యం సగం కావాలంటే అడ్డుకొలత సగం కానక్కర్లేదు, 1.4తో భాగిస్తే చాలు. అందుకే ప్రతి అంకె ముందుదానికి 1.4 రెట్లు. ఒక్కో అంకె దాటినప్పుడల్లా వెలుతురు సగమవుతుంది. దాన్నే స్టాపు అంటారు. నేను నా నోట్‌బుక్కులో మెట్టు అని రాసుకున్నాను.

షట్టరు స్పీడు సులభంగానే అర్థమైంది. కెమెరా లోపలి తలుపు ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్న లెక్క, సెకన్లలో. 1/60, 1/125, 1/250, 1/500... ఇక్కడా ఒక్కో మెట్టుకీ వెలుతురు సగం. ఐఎస్ఓ అంటే రీలుగానీ సెన్సరుగానీ వెలుతురుకి ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె. దాని గురించి ఆయన రీళ్ల భాషలో చెప్పారు. పెళ్లి పందిట్లోకి 400 రీలు, ఎండలో ఊరేగింపుకి 100 రీలు. రీలు ఎక్కించాక 36 ఫోటోలూ దానితోనే. నాకైతే వేలు తిప్పితే ఐఎస్ఓ మారుతుంది. 100 నుంచి 200 ఒక మెట్టు, 200 నుంచి 400 ఇంకో మెట్టు. ఎక్కేకొద్దీ ఫోటోలో ఇసుక చల్లినట్టు నాయిస్ కనిపిస్తుంది.

మూడూ మెట్ల లెక్కలోనే ఉన్నాయి కాబట్టి ఒకచోట రెండు మెట్లు పోగొట్టుకుంటే ఇంకోచోట రెండు మెట్లు సంపాదించుకోవచ్చు. నా కెమెరా ఆ 1/15, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 1600 దగ్గరకి ఎందుకు చేరిందో అప్పుడు తెలిసింది. నా లెన్సు 55 దాకా జూమ్ చేస్తే దాని కన్నం ఎఫ్ 5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. గదిలో ఉన్నది ఒక్క ట్యూబులైటు. అందుకని కెమెరా ఐఎస్ఓ కొంత పెంచి, మిగిలిన లోటుని షట్టరు మీద వేసింది.

"నెత్తిన ఎండ ఉన్నప్పుడు వెలుతురు కొలిచే మీటరు చూడక్కర్లేదు" అని వెళ్లేటప్పుడు ఇంకో మాట చెప్పారు. "ఎఫ్ 16 పెట్టు. 100 రీలు అయితే షట్టరు 1/100కి దగ్గర్లో ఉన్న అంకె. అంతే." ఆ మధ్యాహ్నమే డాబా ఎక్కి, డయల్ ఎం (మాన్యువల్) మీదకి తిప్పి, ఎఫ్ 16, 1/100, ఐఎస్ఓ 100 పెట్టి నరసింహస్వామి గుడి గాలిగోపురాన్ని తీశాను. అంతస్తులన్నీ విడివిడిగా, వెనక ఆకాశం నీలంగా వచ్చింది. కెమెరాని ఏమీ అడగకుండా తీసిన మొదటి ఫోటో అది. దాన్ని ఇప్పటికీ ఎవరికీ పంపలేదు, తీసేయనూ లేదు.

తర్వాత రెండు నెలలు ఆదివారం ఉదయాలన్నీ మగ్గం గదిలోనే గడిచాయి. ఒక ఆదివారానికి ఒక్కటే మార్చాలని నియమం పెట్టుకున్నాను. మూడూ ఒకేసారి తిప్పితే ఫోటో దేనివల్ల మారిందో తెలియదు. ప్రతిసారీ నోట్‌బుక్కులో అంకెలు రాసుకున్నాను. అవి ఫోటోలోనే దాగి ఉంటాయని తెలుసు. కానీ చేత్తో రాసినవి గుర్తున్నట్టు అవి గుర్తుండవు.

మొదట షట్టరు. తాతయ్య తాడు లాగగానే నాడె, అంటే పేక (అడ్డపోగు) మోసుకెళ్లే సాధనం, పడుగు (నిలువు పోగులు) మీద నుంచి ఈ చివర నుంచి ఆ చివరకి దూసుకుపోతుంది. ఎంత వేగమో చూద్దామని ఫోన్లో వీడియో తీసి ఒక్కో ఫ్రేమూ లెక్కపెట్టాను. సెకనుకి 25 ఫ్రేములున్న వీడియోలో నాడె దాటడానికి దాదాపు 5 ఫ్రేములు పట్టింది. అంటే సెకనులో అయిదో వంతు. దాటే దూరం 1.2 మీటర్లు. సెకనుకి 6 మీటర్ల వేగమన్నమాట. షట్టరు 1/60 దగ్గర తెరుచుకుంటే ఆ కాస్త వ్యవధిలోనే నాడె 10 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 1/1000 దగ్గరైతే 6 మిల్లీమీటర్లే. కదిలే వస్తువుకి ఏ స్పీడు పెట్టాలో చెప్పే పట్టికలు చాలా చూశాను కానీ, ఈ లెక్క వేసుకున్నాకే అంకెలకి అర్థం వచ్చింది.

చెయ్యి వణుకు వేరు, వస్తువు కదలిక వేరు అని కూడా ఇక్కడే తేలింది. చెయ్యి వణుకు ఫోటోలో పడకుండా ఉండాలంటే ఫోకల్ లెంగ్త్ ఎంతో అంతకంటే వేగంగా షట్టరు ఉంచాలి. నా కెమెరా సెన్సరు పాత రీలు కంటే చిన్నది కాబట్టి 1.6తో గుణించుకోవాలి. 50కి 80 అవుతుంది, కాబట్టి 1/80 కంటే తగ్గకూడదు. కెమెరాతోపాటు వచ్చిన కిట్ లెన్సులో వణుకుని ఆపే ఏర్పాటు ఉంది. దానివల్ల 1/20 దగ్గర కూడా మగ్గం నిటారు గుంజలు స్పష్టంగానే వచ్చాయి. నాడె మాత్రం తెల్లటి చారలాగే ఉంది. ఆ ఏర్పాటు నా చేతిని ఆపగలదు, తాతయ్య చేతిని ఆపలేదు.

గదిలో 1/1000 కావాలంటే కిట్ లెన్సుతో కుదరదని లెక్కే చెప్పింది. దసరా బోనస్‌తో 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు కొన్నాను. 5.6 నుంచి 2కి వస్తే మూడు మెట్లు. అంటే 1/15 ఉన్నచోట 1/125. ఐఎస్ఓ 3200 చేస్తే 1/250. జూమ్ ఉండదు, మనమే ముందుకీ వెనక్కీ నడవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను నమ్మకంగా చెప్పగలిగేది ఒక్కటే. కొత్త కెమెరా కొనడం కంటే ఇలాంటి లెన్సు ఒకటి కొనుక్కోవడం మేలు.

అయితే ఆ లెన్సుని పూర్తిగా తెరిచి తీసిన మొదటి ఫోటోలో పడుగులో సన్నటి ఒక గీత మేర నూలు పోగులే స్పష్టంగా ఉన్నాయి. వాటికి ముందూ వెనకా అంతా పొగ. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అన్న మాటకి అర్థం నాకు ఆ పడుగే చూపించింది. 60 సెంటీమీటర్ల దూరం నుంచి ఎఫ్ 1.8తో తీస్తే స్పష్టంగా ఉండే లోతు సెంటీమీటరే. ఎఫ్ 8 చేస్తే నాలుగు సెంటీమీటర్లు దాటుతుంది. వెనకాల మసకగా ఉంటే అందరూ బాగుందంటారు. తాతయ్య వేళ్ల ఫోటోకి అది బాగుంది కూడా. చీర కొనేవాళ్లకి మాత్రం అంచూ, ఒళ్లూ, కొంగూ మూడూ కనిపించాలి. అందుకని చీరలకి ఎఫ్ 8 ఖాయం చేసుకున్నాను.

ఫోకస్ ఎక్కడ పడాలో కూడా కెమెరాకే వదిలేసి చాలా ఫోటోలు పోగొట్టుకున్నాను. లోపల 9 ఫోకస్ బిందువులుంటాయి. వదిలేస్తే అది సాధారణంగా దగ్గరున్నదాన్ని పట్టుకుంటుంది. తాతయ్య మొహం కావాలనుకుంటే ముందున్న పోగులు స్పష్టంగా వచ్చేవి. మధ్య బిందువు ఒక్కటే ఎంచుకుని, దాన్ని కంటి మీద పెట్టి, బటన్ సగం నొక్కి పట్టి, కావలసినట్టు కెమెరా కాస్త పక్కకి జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కడం అలవాటు చేసుకున్నాను.

ఒక విషయం చాలాకాలం అంతుపట్టలేదు. 1/500 దగ్గర వరసగా పది ఫోటోలు తీస్తే కొన్ని వెలుతురుగా, కొన్ని చీకటిగా, కొన్నింటిలో అడ్డంగా పసుపు రంగు పట్టీలు వచ్చేవి. అంకెలన్నీ ఒకటే. కెమెరా పాడైందేమోనని భయపడ్డాను. బాబాయి గారు గదిలోకి వచ్చి పైకి చూసి, "ఆ ట్యూబులైటు ఆర్పెయ్" అన్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోకు ట్యూబులైటు సెకనుకి 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. మన కంటికి తెలియదు. 1/100గానీ 1/50గానీ పెడితే ఒక పూర్తి విడత పడుతుంది కాబట్టి తేడా రాదు. 1/500 పెడితే ఆ విడతలో ఏదో ఒక ముక్క మాత్రమే పడుతుంది. లైటు ఆర్పి, వీధి తలుపు రెండు రెక్కలూ తెరిచాం. ఉదయం తొమ్మిదింటికి ఆ తలుపులోంచి వచ్చే వెలుతురు ట్యూబులైటు కంటే మూడు మెట్లు ఎక్కువని మీటరు చూపించింది. ఇన్నాళ్లూ ఆ తలుపు దగ్గరగా వేసే తీస్తున్నాను.

ఇక రంగు. చీర వెనక్కి వచ్చింది రంగు వల్లే కాబట్టి దీని మీద అన్నిటికంటే ఎక్కువ రోజులు కూర్చున్నాను.

వెలుతురుకి రంగు ఉంటుంది. పాత పసుపు బల్బు దాదాపు 2800 కెల్విన్, మధ్యాహ్నపు ఎండ 5500 దరిదాపుల్లో, నీడపట్టున 7000 దాకా. కెల్విన్ అంకె తక్కువైతే ఎరుపు పాళ్లు, ఎక్కువైతే నీలం పాళ్లు. మన కన్ను దానంతటదే సర్దుకుంటుంది, తెల్ల పంచె ఎక్కడున్నా తెల్లగానే కనిపిస్తుంది. కెమెరా చేసే ఆ సర్దుబాటుకే వైట్ బ్యాలెన్స్ అని పేరు. ఆటోలో ఉంచితే ఎదురుగా ఉన్నదాన్ని చూసి ఊహిస్తుంది. ఫోటో నిండా ఒకే రంగు చీర పరిస్తే ఆ ఊహ తప్పుతుంది. చీర రంగునే వెలుతురు రంగనుకుని దాన్ని విరిచేస్తుంది. నా నెమలికంఠం ఫోటోలో ఇంకో తప్పు కూడా ఉంది. ఒకవైపు ట్యూబులైటు, ఒకవైపు తలుపు. రెండు రంగుల వెలుతురు ఒకే చీర మీద పడితే ఏ ఒక్క అంకె పెట్టినా సగం చీర తప్పుగానే వస్తుంది.

ఇప్పుడు చేసే పద్ధతి ఇదీ. చీరని వసారాలో నీడపట్టున, ఒకే వైపు నుంచి వెలుతురు పడేలా ఆరేస్తాను. చీర ఉండే చోటే బూడిదరంగు కార్డు పెట్టి దాన్ని నిండుగా ఒక ఫోటో తీస్తాను. మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి వెళ్లి ఆ ఫోటోని చూపించి, కస్టమ్ గుర్తు ఎంచుకుంటాను. మబ్బు పట్టినా, ఎండ జరిగినా మళ్లీ మొదటి నుంచి. మొదట్లో కార్డుకి బదులు తెల్ల కాగితం వాడాను. కొన్ని కాగితాలకి మెరుపు కోసం నీలం ఛాయ కలుపుతారు, దానివల్ల చీరలు పసుపు ఛాయకి తిరిగాయి.

ఇంత చేశాక నెమలికంఠం చీర మళ్లీ తీసి, గెలిచినట్టు తాతయ్యకి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఇది సగం చీర" అన్నాడు. నాకు అర్థం కాలేదు. చీర కొస పట్టుకుని వెలుతురుకి అటూ ఇటూ వాల్చాడు.

"పడుగు నీలం, పేక ఆకుపచ్చ. ఇటు నుంచి చూస్తే ఇది పైకొస్తుంది, అటు నుంచి చూస్తే అది. నెమలి మెడ తిప్పినప్పుడు మారదూ? ఒక్క బొమ్మలో ఇది ఎట్లా పడుతుంది తల్లీ?"

అంటే హైదరాబాద్ ఆవిడ ఫోటోలో చూసిన నీలం పూర్తిగా వెలుతురు చేసిన తప్పు కాదు. చీరలో ఉన్న నీలమే, ఒకవైపు నుంచి చూసినది. ఆ రోజు నుంచి జంట రంగుల చీరలన్నిటికీ రెండు ఫోటోలు పెడుతున్నాం, రెండు వైపుల నుంచి. మడత పెట్టి, ఆ మడతల్లో రెండు రంగులూ దొర్లేలా ఇంకొకటి. కింద మామయ్య "పడుగు నీలం, పేక ఆకుపచ్చ" అని రాస్తాడు. ఆ చీర అలాగే అమ్ముడుపోయింది, తిరిగి రాలేదు.

తెల్ల చీరలు ఇంకో చిక్కు. ఆరేసిన తెల్ల చీర నిండుగా తీస్తే మబ్బు రంగులో వచ్చేది. కెమెరా మీటరు ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యస్థపు బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. దానికి చీర తెల్లదని తెలియదు, వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. నల్ల చీరైతే వెలుతురు చాలలేదనుకుని పెంచి, నలుపుని బొగ్గు ఆరిన రంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అని ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ ఉంటుంది. తెలుపుకి ప్లస్ 1 లేదా 1.3, నలుపుకి మైనస్ 1. తెల్లగా ఉన్నదానికి ఇంకా వెలుతురు పెంచడమేమిటని చెయ్యి మొరాయిస్తుంది. ఒకసారి చేసి చూస్తే ఒప్పుకుంటుంది.

ఎంత పెంచాలో తెరని చూసి నిర్ణయించకూడదు. ఎండలో తెర చీకటిగా, గదిలో వెలుగ్గా కనిపిస్తుంది. ఫోటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత అని చూపించే గ్రాఫు, హిస్టోగ్రామ్ చూడాలి. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు, మధ్యలో గుట్టలు. గుట్ట కుడి గోడకి ఆనుకుని కోసినట్టు ఆగిపోతే అక్కడ నేత వివరం పోయినట్టే. రాణి రంగు, మిరపపండు ఎరుపు చీరల దగ్గర ఇదీ చాలదు. మొత్తం గుట్ట బాగానే ఉంటుంది, ఎరుపు ఒక్కటీ గోడ దాటిపోయి ఉంటుంది. చీర మీద నేత గీతలు మాయమై రంగు పూసిన రేకులా వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు చీరలకి అర మెట్టు తగ్గించే తీస్తాను.

ఇలాంటివి తర్వాత సరిదిద్దుకోవాలంటే రా ఫార్మాట్‌లో తీయడమే దారి. జేపెగ్‌లో, అంటే మామూలు ఫోటో ఫైల్లో, ఒక్కో రంగుకి 256 మెట్లే. నా కెమెరా రా ఫైల్ 14 బిట్లది, 16,384 మెట్లు. నేను దీన్ని నూలుతో పోల్చుకుంటాను. రా అంటే అద్దకం వేయని నూలు, ఏ రంగులోనైనా ముంచొచ్చు. జేపెగ్ అద్దేసిన నూలు. వైట్ బ్యాలెన్స్ తప్పినా రా ఫైల్లో నష్టం లేకుండా మార్చుకోవచ్చు. కుడి గోడకి తగిలి పూర్తిగా పోయిన తెలుపుని మాత్రం అదీ తిరిగి తేలేదు. ఫైళ్లు పెద్దవి, కార్డు త్వరగా నిండుతుంది. ఆ ఇబ్బంది పడొచ్చు.

గళ్ల చీరల ఫోటోల్లో కొన్నిసార్లు చీరలో లేని అలలు వచ్చేవి, రంగురంగులుగా, నీళ్ల మీద నూనె తేలినట్టు. నేతలో లోపమనుకుంటారేమోనని మామయ్య కంగారుపడ్డాడు. దానికి మోరే అని పేరు. రెండు మడతల దోమతెరని చూస్తే పోగులు ఒకదాని మీద ఒకటి పడి అలలు కనిపిస్తాయి చూడండి, అదే ఇది. ఇక్కడ ఒక తెర 80 కౌంటు నూలు నేత, రెండో తెర సెన్సరులోని పిక్సెళ్ల వరసలు. ఒక అడుగు వెనక్కో ముందుకో జరిగినా, కెమెరాని కాస్త వాల్చినా పోతుంది. ఫోన్ తెర మీద చిన్నదిగా చూసినప్పుడు వచ్చే అలలు ఒక్కోసారి ఫోటోలో ఉండవు, పెద్దది చేసి చూస్తే మాయమవుతాయి. అందుకే భయపడే ముందు పెద్దది చేసి చూడాలి.

జరీ గురించి చెప్పాలంటే చాలా ఉంది. క్లుప్తంగా: కెమెరా మీదున్న ఫ్లాష్ ఎప్పుడూ వద్దు. వెలుతురు పక్క నుంచి, ఏటవాలుగా పడితే ఒక్కో జరీ పోగూ మెరుస్తుంది. ఎదురుగా పడితే తెల్ల పట్టీ అయిపోతుంది.

ఇప్పుడు నేను చీరలకి డయల్‌ని ఏవీ (Av) గుర్తు మీద ఉంచుతాను. ఎఫ్ 8 నేను పెడతాను, షట్టరు అది చూసుకుంటుంది. మగ్గం మీద పని తీసేటప్పుడు టీవీ (Tv) గుర్తు మీద, షట్టరు నాది, మిగతాది దానిది. వెలుతురు మారకుండా నిలకడగా ఉన్నప్పుడే ఎం. అన్నీ ఎం మీదే తీయాలని పట్టుపట్టేవాళ్లున్నారు. నేర్చుకోవడానికి అది మంచిదే. పని జరిగేటప్పుడు మాత్రం ఆ క్షణానికి ఏది ముఖ్యమో దాన్ని చేతిలో ఉంచుకుని మిగతాది కెమెరాకి వదిలేస్తే చాలు.

మాఘమాసంలో ఒక ఉదయం, తలుపు రెక్కలు తెరిచి, ట్యూబులైటు ఆర్పి, ఎఫ్ 2.8, 1/1000, ఐఎస్ఓ 3200 పెట్టుకుని తాతయ్య ఎదురుగా కూర్చున్నాను. నలభైకి పైగా తీస్తే ఒక దాంట్లో నాడె సరిగ్గా పడుగు మధ్యలో దొరికింది. మొన ఇత్తడి మెరుపుతో సహా. నిజానికి నాకు 1/30 దగ్గర తీసిన ఫోటో ఎక్కువ ఇష్టం. అందులో నాడె తెల్లటి చార, తాతయ్య మొహం మాత్రం నిశ్చలంగా ఉంటుంది. గదిలో చప్పుడు కూడా వినిపించినట్టుంటుంది. 1/1000 ఫోటోలో నాడెని అక్కడ ఎవరో పెట్టినట్టుంది.

రెండూ ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించాను. తాతయ్య చార ఫోటో మీద చూపు నిలపలేదు. రెండోదాని దగ్గర ఆగిపోయాడు. "పెద్దది చెయ్యి" అన్నాడు. చేశాను. "ఇంకా." నాడె వెనక వస్తున్న పేక పోగు మీద వేలు పెట్టాడు.

"ఇది చూడు. లూజుగా వస్తోంది. వంపు తిరిగింది. నెల నుంచి కుడి అంచు దగ్గర ముడత ఎందుకొస్తోందా అనుకుంటున్నా."

యాభై ఏళ్లుగా ఆ నాడె ఆయన చేతి కింద పరిగెడుతోంది, మధ్యలో ఎప్పుడూ ఆగలేదు. ఆయన మళ్లీ గుంటలోకి దిగి, నాడె తీసి, నూలు చుట్టిన కండె బయటికి లాగి, నూలు బయటికొచ్చే కన్నం దగ్గర చిన్న గుడ్డపీలిక దూర్చాడు. కండె పెట్టి, పోగు లాగి చూసుకున్నాడు.

"ఊఁ, ఇప్పుడు తియ్యి. ఈసారి ఎడమ నుంచి వదులుతా."

అంకెలు ఏవీ మార్చలేదు. ఆయన తాడు లాగాడు, నేను నొక్కాను. పదిహేనో ఫోటోలో దొరికింది. వెనక పోగు గీత గీసినట్టు తిన్నగా ఉంది.